కొండ బస్సు వచ్చినట్టా, రానట్టా

డిపో కంట్రోల్ రూము
సోమవారం, టీ వేళ

ఆడపడుచు గారి సముఖానికి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వక్కడ కొండ మీద దుప్పటి కప్పుకుని, మబ్బులకి హాజరు వేసుకుంటూ సుఖంగా ఉన్నావని తలుస్తాను. తలచడమే తప్ప నమ్మకం లేదు. కిందటి ఉత్తరమంతా నీ ముక్కు గురించే ఉంది. ముందు తలకి ఏదైనా గట్టిగా చుట్టుకో.

సంగతేంటంటే, నేను ఇరుక్కుపోయాను. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగి బయటకి తీశానని గొప్పగా రాశాను కదా, ఆ గొప్పే నా కొంప ముంచింది. మా డిపోలో మైకు పట్టుకుని ఫలానా బస్సు వచ్చింది, ఫలానా బస్సు ఈ పూట రాదు అని చెప్పే అమ్మాయి కాన్పు సెలవు మీద వెళ్లింది. మేనేజరు గారు నన్ను పిలిచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడిచారంటే ఎవరికో మూడిందని అర్థం. "ఇకనుంచి ఆ మాటలన్నీ కంప్యూటరే చెప్తుందమ్మా. ఎప్పుడేం చెప్పాలో దానికి మీరు చెప్తారు," అన్నారు. నాకు రాదండీ అన్నాను. "ప్రింటర్ బాగుచేశారుగా," అన్నారు.

నెల రోజులు ట్రయల్. సరిగ్గా నడిస్తే కంట్రోల్ రూములో ఈ సీటు నాదే. ఇక్కడ కిటికీ ఉంది, బస్సులు వచ్చేదీ పోయేదీ కనపడుతుంది. నడవకపోతే మళ్లీ పోయిన వస్తువుల గదిలోకి పంపిస్తారు. ఆ గదిలో ఇన్నేళ్లూ నేనేం చేశానో నీకు తెలుసు, ఒంటి చెప్పుకి జోడు వెతుక్కుంటూ కూర్చున్నాను.

కంప్యూటర్ పెట్టారు. నల్ల తెర, దాని మీద చిన్న గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఏం కావాలో చెప్పి చావు అన్నట్టు చూస్తుంది. బస్సు గేటు దాటగానే వాచ్‌మన్ బటన్ నొక్కుతాడు, వెంటనే ఆ బస్సు పేరుతో కంప్యూటర్‌లో ఒక ఫైలు పుడుతుంది. అంతవరకు కంపెనీవాళ్లే చేసి వెళ్లారు. టైముకి ఆ ఫైలు ఉంటే వచ్చిందనే రికార్డు మోగాలి, లేకపోతే రాదనే రికార్డు మోగాలి. ఈ "ఉంటే, లేకపోతే" ఎలా రాయాలో నువ్వు చెప్పాలి. అక్కడ వాన లెక్కల కంప్యూటర్ నడిపే ఉద్యోగమే కదా నీది. రికార్డులు ఎవరి గొంతుతో అంటావా, ఎవరిదో ఒకరిది, అది ముఖ్యం కాదు.

మీ అన్నయ్య బాగున్నారు. షెడ్డులో బస్సుల మీద అరుస్తారు, ఇంట్లో నా మీద అరుస్తారు. నీ సంగతి ఆయనంతట ఆయన ఎత్తరు. నేను ఎత్తితే వంటింటి కిటికీలోంచి బయటకి చూస్తారు. ఆ కిటికీకి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదని నీకూ తెలుసు.

నీ వదిన


కొండ మీద, వాతావరణ కేంద్రం
గురువారం, ఎడతెగని మబ్బు

వదినకి,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. మా వంటాయన గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడ ఫోను పలకదు, ఉన్న ఒక్క లైనూ గాలి, వాన లెక్కలు పంపడానికే సరిపోతుంది. కాబట్టి బస్సు వచ్చే వారానికి రెండు రోజులే మనకి పాఠాలు. శ్రద్ధగా చదువుకో.

స్క్రిప్టు అంటే భయపడకు. మనం వరసగా చెప్పిన పనుల చీటీ, అంతే. అందులో నీకు కావలసినవి రెండు గుర్తులు. ఒకటి &&. దాని ముందు చెప్పిన పని సరిగ్గా జరిగితేనే తర్వాతది చేస్తుంది. "పాలు కాగాయా && స్టవ్ కట్టెయ్" అన్నమాట. రెండోది ||, నిలువు గీతలు రెండు. ముందు చెప్పిన పని జరక్కపోతేనే తర్వాతది చేస్తుంది. "గంట నొక్కు || తలుపు బాదు." గంట మోగితే తలుపు జోలికి పోదు. అన్నయ్య అయితే గంట మోగినా బాదుతాడు, అది వేరే సంగతి.

రెండూ కలిపి ఒకే లైనులో ఇలా రాసెయ్యొచ్చు:

[ -f కొండ_బస్సు ] && మోగించు కొండ_వచ్చింది || మోగించు కొండ_రాదు

ఆ చదరపు బ్రాకెట్ల మధ్యలో ఉన్నది పరీక్ష. ఆ పేరుతో ఫైలు ఉందా లేదా అని చూస్తుంది. బ్రాకెట్‌కీ మాటకీ మధ్య ఖాళీ తప్పకుండా వదులు. ఇక్కడ పొదుపు చేశావో, అది అలుగుతుంది.

రాసింది రాసినట్టు వదిలెయ్యకు. ఆ నల్ల తెర మీద ఒక్కొక్క ముక్కా విడిగా కొట్టి చూడు. కొట్టాక echo $? అని అడుగు, ఆ పని అయిందా కాలేదా చెప్తుంది. ఇక్కడో తమాషా ఉంది. సున్నా వస్తే పాసైనట్టు. ఇంకేం వచ్చినా ఫెయిలే.

ఇక నా సంగతి. ఇక్కడి ఒప్పందం వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. ఇంకో మూడేళ్లు ఉంటానని సంతకం పెడితే ఇక్కడే. పెట్టకపోతే మీ డిపోకి రెండు వీధుల అవతల మా పాత ఆఫీసు, అక్కడ సీటు ఖాళీగానే ఉంది. నేనూ మనసులో ఒక లైను రాసుకున్నాను వదినా. అన్నయ్య_రమ్మన్నాడా && వచ్చేస్తాను || సంతకం.

నా తప్పు లేదని అనను. వాడు మేడగదిలో నా పుస్తకాలకి అల్మారా బిగిస్తుంటే, రేపు కొండ మీదకి వెళ్లిపోతున్నానని అప్పుడు చెప్పాను. అంతకు ముందు చెప్పే ధైర్యం లేక. "బస్సెక్కితే మళ్లీ ఈ గడప తొక్కకు" అన్నాడు, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని. సరే, కోపంలో అన్నాడనుకుందాం. మర్నాడు సాగనంపడానికైనా రావాలి కదా? బస్సు కదిలేదాకా కిటికీలోంచి ప్లాట్‌ఫారం అంతా వెతికాను. నువ్వొక్కదానివే నిలబడి చెయ్యి ఊపావు. ఆ మాట అన్న నోటితోనే రమ్మనాలి. నువ్వు చెప్తే లెక్కలోకి రాదు.

నీ ఆడపడుచు

తా.క. ముక్కు తగ్గింది.


ఇల్లు
ఆదివారం, వంట అయ్యాక

పంతులమ్మ గారికి,

నీ శిష్యురాలు పాసైంది! సున్నా తెచ్చుకుంది!

మొదటి రోజు ఏదీ నడవలేదు. ఏం కొట్టినా తెలియదు పో అంటుంది. మధ్యాహ్నానికి తెలిసింది, నువ్వు వదలమన్న ఖాళీ నేను వదల్లేదు. అన్నేళ్లు పోయిన వస్తువుల గదిలో గొడుగుల మధ్య కూర్చున్న మనిషిని, జాగా వృథా చెయ్యడం నా వల్ల అవుతుందా? ఖాళీలు వదిలాక బుద్ధిగా విన్నది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని బటన్ నొక్కమని, పరిగెత్తుకొచ్చి సున్నా చూసి, మళ్లీ పరిగెత్తి ఆ ఫైలు తీసేయించి, మళ్లీ ఒకటి చూసి, రోజంతా అదే పని. "అక్కా, ఇంతకీ బస్సులు రావాలా వద్దా?" అని వాచ్‌మన్ నన్నే అడిగాడు.

సున్నా వస్తే పాసైనట్టు అని ఇంట్లో చెప్పాను. మీ అన్నయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "అయితే చిన్నప్పుడు లెక్కల్లో క్లాసు ఫస్టు నేనే," అన్నారు. నీ ఊసు వచ్చిన మాట మీద ఆయన నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను. ఇంకో సంగతి చెప్తాను, నేను చెప్పానని చెప్పకు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దాని మీద గ్రీజు వేలిముద్ర ఉంది. చదివారా అంటే, "గాలికి ఎగిరి కింద పడితే తీసి పెట్టాను," అన్నారు. ఆ గదిలో గాలి ఎక్కడిది? ఉన్న ఒక్క ఫ్యానూ బాగుచేస్తానని విప్పి, రెక్కలు మంచం కింద పెట్టిందీ ఆయనే.

అంటే నీ లైను ఆయన చదివారు. గోడకేసి చూడ్డానికి వంటింట్లోకి వెళ్లారు.

అన్ని బస్సులకీ లైన్లు రాసేశాను. అన్నీ పరీక్షించావా అని అడుగుతావని తెలుసు. రెండు మూడు బస్సులకి చూశాను. మిగతావన్నీ అదే అచ్చు, పేర్లే తేడా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి రెండు మెతుకులు పట్టుకుంటాం గానీ గిన్నెడూ పిసుకుతామా? రేపటి నుంచి కంప్యూటర్ మాట్లాడుతుంది. మేనేజరు గారు నిన్నంతా కళ్లజోడు తుడవలేదు, అంటే శుభమే.

వదిన


కొండ మీద
బుధవారం, ఈదురుగాలి

వదినకి,

మెతుకులు పట్టుకుని చూశావు కదా, ఇప్పుడు గిన్నె అడుగు సంగతి విను.

మా వంటాయన కిందటి బుధవారం బస్సుకి సరుకులు తీసుకుని పైకి రావాలి. రాలేదు. బస్సు మాత్రం వచ్చింది, డ్రైవరు, కండక్టరు, ఉత్తరాల సంచీ, అంతే. ఒక్క మనిషి లేడు. కండక్టరు దిగి, "మీ కొండకి ఏమైనా అంటురోగమా అమ్మా?" అని నన్నడిగాడు. ఆ తర్వాత బస్సుకీ అంతే. మూడో బస్సుకి వంటాయన ముందే వెళ్లి ఇంజను పక్కన కూర్చుని మరీ వచ్చాడు. ఏమయ్యా అంటే, "బస్సు రాదని మైకులో చెప్పారమ్మా, మేమందరం ఇళ్లకి పోయాం. భుజం మీద తలుపు చెక్క మోసుకొచ్చినాయన, మైకుని నిలబడి తిట్టి, మళ్లీ తలుపు ఎత్తుకుని పోయాడు," అన్నాడు. ఈలోగా నా వంట నేనే తిన్నాను. ఆ పాపం నీదే.

వచ్చిన బస్సుని రాదని ఎందుకంది? తప్పు నీది కాదు, నాది. నీకు సగం పాఠమే చెప్పాను. ఆ లైను "అయితే ఇది, లేకపోతే అది" లాగా కనపడుతుంది గానీ, నిజానికి అది కాదు. బస్సు వచ్చిందా అంటే వచ్చింది, ఫైలు ఉంది. సరే అని వచ్చిందనే రికార్డు మోగించబోయింది. అది మోగలేదు. మోగకపోతే ఆ పనీ ఫెయిలే. || గుర్తు వెనక్కి తిరిగి చూసి, ముందు పని ఫెయిలైంది కదా అని తన వంతు పని తను చేసేసింది. బస్సు వచ్చిందా రాలేదా అన్నది దానికి పట్టదు. చెప్పాల్సిన మాట గొంతు దాటకపోతే, పక్కనున్న మాట బయటకొచ్చేస్తుంది.

కాబట్టి ఇప్పుడు గిన్నెడూ పిసుకు. ఒక్కొక్క బస్సుకి "మోగించు" అని విడిగా కొట్టి, వెంటనే echo $? అడుగు. సున్నా రానిది ఎక్కడో ఉంటుంది. ముందు కొండ బస్సు చూడు.

ఇక రెండో సంగతి. మైకులో ఆడపిల్ల గొంతు కాదమ్మా, పిడుగు పడ్డట్టుంది అన్నాడు వంటాయన. "దయచేసి గమనించండి అన్నాడమ్మా, గమనించకపోతే చంపేస్తాడేమో అనిపించింది," అన్నాడు. దయచేసి అనే మాటని అలా అనగలిగిన మనిషి నాకు ఈ లోకంలో ఒక్కడే తెలుసు. ఎవరిదో ఒకరి గొంతు, ముఖ్యం కాదు అని రాశావే! నా అన్నకీ నాకూ మధ్య ఏడాదిన్నరగా మాటల్లేవు, ఇప్పుడు ఆ గొంతుతోనే కొండ బస్సు రాదని ఊరంతటికీ చాటించావా? ముందే చెప్తే ఏం పోయేది?

నా ఉత్తరం చదివాడు, వేలిముద్ర కూడా వేశాడు. రమ్మనలేదు. ఇంక దేనికోసం చూడాలి? సంతకం పెట్టేశాను.

నీ ఆడపడుచు


డిపో కంట్రోల్ రూము
శుక్రవారం, పొద్దున్నే

అమ్మాయీ,

ఈ ఉత్తరం మొత్తం చదివాకే కోపం తెచ్చుకో. మధ్యలో ఆపావంటే నా మీద ఒట్టే.

గొంతు సంగతి దాచిన మాట నిజమే. మేనేజరు గారు షెడ్డు పక్కనుంచి వెళ్తూ, అన్ని ఇంజన్లు మోగుతున్నా మీ అన్నయ్య అరుపు విడిగా వినపడితే, "ఈ గొంతుకి మైకు కూడా దండగ," అని ముచ్చటపడిపోయి ఆయన్నే పట్టుకున్నారు. నీకు చెప్తే నవ్వుతావో ఏడుస్తావో తేల్చుకోలేక ఊరుకున్నాను. మీ ఇద్దరి మధ్యా నలిగి నలిగి, నాకు ఏ మాట ఎవరికి చెప్పాలో ఎవరికి దాచాలో తెలియకుండా పోయింది. ఒకసారి నా చెప్పుల్లో కాళ్లు పెట్టి చూడు.

నువ్వు చెప్పినట్టే గిన్నెడూ పిసికాను. తలుపు వేసుకుని, స్పీకరు బయటకి వినపడకుండా తీసేసి, ఒక్కొక్కటీ కొట్టాను. సున్నా, సున్నా, సున్నా. ప్రతి బస్సుకీ వచ్చిందనీ రాదనీ మీ అన్నయ్య నా చెవిలో అరుస్తూనే ఉన్నారు, ఇంటికెళ్లినట్టే ఉంది. కొండ_రాదు, సున్నా. కొండ_వచ్చింది అని కొట్టాను. చప్పుడు లేదు. ఒకటి అంది. అలాంటి రికార్డే లేదంది. అన్నిట్లోనూ అదొక్కటే లేదు.

సరాసరి షెడ్డుకి వెళ్లాను. ఆయన ఒక బస్సు కింద పడుకుని ఉన్నారు, కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడాను.

"కొండ బస్సు వచ్చిందని రికార్డు చెయ్యలేదేం?"

"మర్చిపోయాను."

"అన్ని బస్సుల్లోనూ అదొక్కటే మర్చిపోయారా?"

కాళ్లు ఇంకాస్త లోపలికి జరిగాయి. "పానా ఇలా అందుకో," అన్నారు. నేను అందుకోలేదు. పానా మీద కాలేసి నిలబడ్డాను. అప్పుడు కిందనుంచే చెప్పారు. నీకు ఆయన మాటలే రాస్తాను, నా మసాలా ఏమీ లేదు.

"మైకు ముందు కూర్చుని మొదలుపెట్టాను. కొండ బస్సు, అన్నాను. తర్వాతది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగింది. ఆ మాట వారానికి రెండుసార్లు మోగుతుంది కదా. మోగినప్పుడల్లా నేను షెడ్డులోంచి బయటకి వచ్చి చూస్తాను. చూడకుండా ఉండలేను. చెల్లి దిగదు. ఎన్నిసార్లు చూడమంటావు?"

కాలు తీసి పానా ఇచ్చేశాను.

ఇంకా ఉంది. నాకూ తెలియని సంగతి. ఆయన ఏ బస్సు కిందనుంచి మాట్లాడారో చూశాను, అది కొండ బస్సే. మొన్ననే కదా దీన్ని చూశారు, మళ్లీ ఏం చెడిందని అడిగితే, పక్కనున్న మెకానిక్ నవ్వి, "చెడలేదక్కా. కొండకి వెళ్లే ముందు ప్రతిసారీ బ్రేకులు ఆయనే చూస్తాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. చెల్లెలు వెళ్లిన రోజున మొదలుపెట్టాడు," అన్నాడు. అడిగితే ఒప్పుకున్నారు. ఆ రోజు పొద్దున్నే బస్సు కిందకి దూరారట. అందరూ ఎక్కేదాకా, డ్రైవరు హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నారట. నువ్వు కిటికీలోంచి ప్లాట్‌ఫారం అంతా వెతికావు కదా తల్లీ, మీ అన్నయ్య నీ సీటు కిందే ఉన్నారు. బ్రేకులు చూసుకుని అవతలి పక్కనుంచి బయటకొచ్చారు. ఆ నూనె చొక్కా ఉతికిందాన్ని నేనే, ఇంటి నుంచి అలిగి వెళ్లి ఎక్కడ దొర్లారో అని తిట్టుకుంటూ ఉతికాను.

నాకు నీ అంత చదువు లేదు గానీ, నువ్వు రాసిన పాఠం నాకు బాగా వంటబట్టింది. బస్సు వచ్చింది. చెప్పాల్సిన మాట గొంతు దాటలేదు. రాదు అన్నది మోగింది. అల్మారా బిగిస్తున్న రోజు మన ఇంట్లో జరిగిందీ ఇదే. ఉండిపోవే అనబోయాడు మా మహానుభావుడు, అది ఫెయిలైంది, గడప తొక్కకు అన్నది బయటకొచ్చింది.

నువ్వు సంతకం పెట్టేశావు. నీ ఇష్టం. నేను మాత్రం చెప్పాల్సింది చెప్పాను, నా వైపు సున్నా.

వదిన

తా.క. తలుపు చెక్క ఆయన మేనేజరు గారి గదికి వచ్చాడు, తలుపుతో సహా. కళ్లజోడు తుడవడం నేను కిటికీలోంచి చూశాను. ట్రయల్‌లో రెండు వారాలే మిగిలాయి.


కొండ మీద
సోమవారం, తెరిపి

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను, చింపాను. నీ ఉత్తరం చదివి వాన కొలిచే పాత్ర దగ్గరకెళ్లి నిలబడి ఏడ్చాను. వంటాయన చూసి, "ఇవాళ వాన లేదు కదమ్మా, అందులో ఎంతుందని రాస్తారు?" అని అడిగాడు. వాడికి ఇంకో ఊళ్లో ఉద్యోగం చూడాలి.

సీటు కిందే ఉన్నాడా! ఏడాదిన్నరగా ఎన్ని తిట్లు తిట్టుకున్నాను వాణ్ణి, అన్నీ వెనక్కి తీసుకోవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు.

నేనూ ఒకటి దాచాను. సంతకం పెట్టేశానని రాశాను గానీ పెట్టలేదు. ఆ కాగితం గాలికి ఎగరకుండా మీద టీ గ్లాసు పెట్టాను. రోజూ గ్లాసు తీస్తాను, టీ తాగుతాను, మళ్లీ పెడతాను. కాగితం మీద ఇప్పుడు గుండ్రంగా మరకలు తప్ప నా పేరు లేదు. వచ్చే వారం బుధవారం బస్సులో అది వెళ్లాలి, వెళ్తే సంతకంతో వెళ్లాలి, లేకపోతే దాని బదులు నేను ఆ తర్వాతి శనివారం బస్సెక్కాలి.

ముందు నీ సీటు సంగతి. ఈసారి పొట్టి లైను వద్దు, పూర్తిగా రాద్దాం:

if [ -f కొండ_బస్సు ]
then
  మోగించు కొండ_వచ్చింది || గంట_కొట్టు
else
  మోగించు కొండ_రాదు
fi

ఇప్పుడు రికార్డు మోగకపోయినా ఒట్టి గంట మోగుతుందే తప్ప, రాదు అన్న మాట పొరపాటున కూడా బయటకి రాదు. చివర ఉన్న fi మర్చిపోకు, ఇఫ్ అని మొదలుపెట్టింది అక్కడితో మూసుకుంటుంది. మొదలుపెట్టినదానికి ముగింపు కూడా పెట్టాలని అన్నయ్యకి చెప్పు, గొడవలకీ అదే రూలు. అన్ని బస్సులకీ ఇలాగే మార్చు. రికార్డు ఉన్నప్పుడూ లేనప్పుడూ, బస్సు ఉన్నప్పుడూ లేనప్పుడూ, అన్ని రకాలుగా కొట్టి చూసి అప్పుడు మేనేజరు గారిని పిలువు. తలుపు ఆయన్ని కూడా పిలువు, ఆయనే అసలైన పరీక్షాధికారి.

నా సంగతికొస్తే, నీ మాట నమ్మాను వదినా, ప్రతి అక్షరం నమ్మాను. అయినా మొండిదాన్ని. వాడి నోటితో ఒక్క మాట కావాలి. బ్రేకులు చూడ్డం తెలుసుకున్నాను, అల్మారా తెలుసు, గోడకేసి చూడ్డం తెలుసు. ఒక్క మాట. అది అడగడం ఎక్కువంటావా?

నీ ఆడపడుచు


డిపో, మెకానిక్ షెడ్డు
మంగళవారం

చెల్లికి,

ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు, మీ వదినకి నీ ఉత్తరం వచ్చిన ఆరు రోజులకి మొదలుపెట్టాను. మీ వదిన రాయిస్తోందనుకోకు, నేనే రాస్తున్నాను. పక్కన నిలబడి చూస్తోంది, పొమ్మంటే పోవట్లేదు. కాగితం మీద మరకలు గ్రీజువి, చదవడానికి అడ్డం రావు.

ముందు మంచి మాట. మీ వదినకి సీటు వచ్చింది. నిన్నంతా మేనేజరు ఎదురుగా అన్నీ కొట్టి చూపించింది. తలుపు చెక్క మోసిన పెద్దమనిషి కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇప్పుడు రాలేదనుకో, ఏమంటుంది? ఇప్పుడు వచ్చిందనుకో?" అని సాయంత్రం దాకా ప్రాణం తీశాడు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది.

కొండ బస్సుకి గంట పెట్టింది మీ వదిన. గంట మోగితే నాకు నచ్చలేదు. అది బడి గంటలాగా ఉంది. అందుకని ఇవాళ పొద్దున్న వెళ్లి రికార్డు చేశాను. ఒక్కసారే చేశాను. బాగా రాలేదు, మధ్యలో దగ్గు ఉంది. మీ వదిన మళ్లీ చెయ్యమంది, చెయ్యను.

అల్మారాకి ఒక తలుపే బిగించాను. రెండోది ఎలా కావాలో నువ్వు చెప్పకుండానే వెళ్లావు. ఎడమకి తెరుచుకోవాలా, కుడికా?

ఆ రోజు అన్నది నేను అనాలనుకున్నది కాదు. ఏం అనాలనుకున్నానో మీ వదిన రాసేసిందట, మళ్లీ నేను రాయను.

శనివారం బస్సుకి రా. బ్రేకులు చూశాను. నువ్వు దిగేటప్పుడు మైకులో నా గొంతు వినపడుతుంది. మోగకపోతే, ఆ పెట్టెని నమ్ముకుని ఇంక నేను కూర్చోను, ప్లాట్‌ఫారం మీద నిలబడి నేనే అరుస్తాను. కొండ దాకా వినపడుతుంది, నీకు తెలుసు.

ఈసారి బస్సు కింద ఉండను.

అన్నయ్య